కుండలో దొరికిన సువార్తలు, మా తరగతి గది

నేను థియలాజికల్ కాలేజీలో ఆదిమ సంఘ చరిత్ర చెబుతాను. పాస్టర్లు కాబోయే పిల్లలకు మొదటి నాలుగైదు శతాబ్దాల కథ. బాప్టిస్టులు, లూథరన్లు, సి.ఎస్.ఐ. వాళ్లు, ఈ మధ్య ఏ మిషనుకూ చెందని స్వతంత్ర సంఘాల వాళ్లు, అందరూ ఒకే బెంచీల మీద కూర్చుంటారు. ఏ బ్యాచ్ వచ్చినా మొదటి వారం దాటకుండా ఎవరో ఒకరు లేచి అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడమ్, బైబిల్లోంచి తీసేసిన పుస్తకాలున్నాయంట కదా?"

అడిగే గొంతును బట్టి మనిషిని పోల్చుకోవచ్చు. కొందరు ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు తగ్గిస్తారు. కొందరికి కళ్లు మెరుస్తాయి, పెద్దవాళ్ల గుట్టు దొరికినంత సంబరం. భయపడేవాడూ, సంబరపడేవాడూ ఇద్దరూ ఆ పుస్తకాలు చదివి ఉండరు. అందుకే నేను వెంటనే జవాబు చెప్పను, చదివిస్తాను. నా ఉద్యోగంలో సగం ఇదే.

ఈ ప్రశ్న కాలేజీ గేటు దాటి ఊళ్ల మీద పడింది 2006లో. ఆ ఏప్రిల్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ సంస్థ ‘యూదా సువార్త’ను బయటపెట్టింది. నెల తిరగ్గానే ‘ద డావిన్చీ కోడ్’ సినిమా వచ్చింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సినిమాను నిషేధించింది, హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. పాస్టర్ల సదస్సులకు పిలిచి, "ఖండించండి మేడమ్" అంటూ మైకు చేతికిచ్చేవారు. ఖండించే ముందు అందులో ఏముందో చెబుతానంటే వేదిక మీద పెద్దలకు ఇబ్బందిగా ఉండేది. ఏముందో తెలియకుండా ఖండించడం నాకు చేతకాదు.

యూదా సువార్త కథ దొంగసరుకు కథ. 1970లలో ఈజిప్టులోని మిన్యా ప్రాంతంలో దొరికి, దళారుల చేతులు మారి, అమెరికాలో ఒక బ్యాంకు లాకర్లో 16 ఏళ్లు మగ్గింది. ఆ తర్వాత ఒక వ్యాపారి దాన్ని ఫ్రీజర్లో కూడా పెట్టాడు. స్విట్జర్లండులో నిపుణుల చేతికొచ్చేసరికి పొడి పొడి అయిపోయింది. అందులో యేసు తన శిష్యుల ప్రార్థన చూసి నవ్వుతాడు, యూదాను ఒక్కణ్ణే పక్కకు పిలిచి రహస్యాలు చెబుతాడు. మొదట అనువదించినవాళ్లు ఇందులో యూదా వీరుడన్నారు. ఏడాదిన్నర తిరిగేసరికి ఏప్రిల్ డికానిక్ అనే ప్రొఫెసరు, కాదు, ఇందులోనూ అతను దుష్టుడే అని పుస్తకం రాసింది. టీవీల్లో మొదటి మాటే వినబడింది, రెండోది వినబడలేదు. ఈ పేరుతో ఒక సువార్త ఉందని లియోన్ బిషప్ ఐరేనియస్ క్రీ.శ. 180 ప్రాంతంలోనే రాసి పెట్టాడు. అంటే ఇది రెండో శతాబ్దపు రచన. ఇస్కరియోతు యూదా నిజంగా ఏమనుకున్నాడో ఇందులో దొరకదు. యేసు పోయిన వందేళ్లకు క్రైస్తవుల్లో ఒక వర్గం మిగతావాళ్ల మీద ఎంత మండిపడిందో మాత్రం దొరుకుతుంది. నాకు అదే విలువైన సంగతి.

క్లాసులో మాత్రం నేను యూదాతో మొదలుపెట్టను, తోమాతో మొదలుపెడతాను. ఒక కాగితం మీద యేసు చెప్పినట్టుగా ఉన్న మాటలు కొన్ని అచ్చువేయించి పంచుతాను. ఏవి బైబిల్లోవో గుర్తు పెట్టమంటాను. ఆవగింజ ఉపమానం, విత్తువాని ఉపమానం చూడగానే అందరూ టిక్కు పెట్టేస్తారు. దేవుని రాజ్యం భూమంతా పరుచుకునే ఉందనీ, మనుషుల కంటికే ఆనడం లేదనీ అర్థం వచ్చే మాట దగ్గర కొంచెం ఆగి, చాలామంది దానికీ టిక్కు పెడతారు. "లూకాలో ఉంది మేడమ్" అని గట్టిగా అనేవాళ్లూ ఉంటారు. చివరి మాట దగ్గర అందరూ ఆగిపోతారు. మరియ ఆడది కాబట్టి ఆమెను మన మధ్యనుంచి పంపేయమని పేతురు అంటాడు, ఆమెను నేను మగవాడిగా చేస్తానని యేసు జవాబిస్తాడు. "ఇది మాత్రం కాదు!" అని క్లాసంతా ఒక్కటే మాట. అప్పుడు చెబుతాను, కాగితం మీదున్నవన్నీ తోమా సువార్తలోవే అని. టిక్కు పెట్టినవీ, పెట్టనివీ.

ఆ తర్వాతి గంట నాకు ఇష్టమైన గంట. ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు కుర్రవాళ్లు 1897లో ఈజిప్టులోని ఆక్సీరింఖస్ అనే పాత పట్నం చెత్తదిబ్బలు తవ్వారు. చాలా త్వరగానే యేసు మాటలున్న గ్రీకు పపైరస్ ఆకు ఒకటి దొరికింది. అది ఏ పుస్తకంలోదో అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 1945లో, ఎగువ ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర కోప్టిక్ భాషలో పుస్తకం మొత్తం దొరికాక గానీ ఆ ఆకు తోమా సువార్తలోదని తేలలేదు. చెత్తలో దొరికిన ఆకు, కుండలో దొరికిన పుస్తకం ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాయి.

కుండ కథ పిల్లలకు బాగా నచ్చుతుంది. ఎరువు మట్టి తవ్వుకోవడానికి కొండ కిందికి వెళ్లిన రైతులకు కుండ తగిలింది, అందులో తోలు అట్టల పుస్తకాలు, ఇంటికి తెస్తే తల్లి కొన్ని ఆకులు పొయ్యిలో వేసింది. ఈ కథ ఎన్నో ఏళ్ల తర్వాత జేమ్స్ రాబిన్సన్ అనే అమెరికన్ పండితుడు రైతును కలిసి రాసుకున్నది. చెప్పినప్పుడల్లా కొంచెం మారింది కాబట్టి ఈ మధ్య పండితులు దాన్ని అంత తేలిగ్గా నమ్మడం లేదు. ఈ అనుమానం కూడా చెప్పేస్తాను, కొందరి ముఖాలు వాడిపోయినా సరే. కుండ సంగతి ఎలా ఉన్నా పుస్తకాలు కైరోలోని కోప్టిక్ మ్యూజియంలో ఉన్నాయి. పన్నెండు పుస్తకాలు, పదమూడోదాని కొన్ని ఆకులు, మొత్తం 52 రచనలు. ఒక అట్ట గట్టిగా ఉండటానికి లోపల కూరిన చిత్తు కాగితాల్లో క్రీ.శ. 340ల తేదీలున్నాయి, అంటే దాన్ని కుట్టింది ఆ తర్వాతే. ఆ 52 రచనల మధ్యలో ప్లేటో ‘రిపబ్లిక్’ ముక్క కూడా ఒకటుంది. సన్యాసులు దాచారని ఒక వాదన. ప్లేటోను ఎందుకు దాచారో ఆ సన్యాసులకే తెలియాలి.

తోమా సువార్తలో 114 మాటలున్నాయి. పుట్టుక లేదు, అద్భుతాలు లేవు, సిలువ లేదు, పునరుత్థానం లేదు. మా పిల్లల ప్రసంగాలు ఎక్కడ మొదలైనా సిలువ దగ్గరికే వచ్చి ఆగుతాయి. "సిలువ లేకుండా సువార్త ఏంటి మేడమ్?" అని ఒకసారి ఒక అబ్బాయి నిజంగా బాధపడి అడిగాడు. అతని బాధ నాకు అర్థమైంది. యేసు మాటలే చాలనుకుని బతికిన క్రైస్తవులు ఒకప్పుడు ఉన్నారని చెప్పాను. ఈ పుస్తకంలో కొన్ని మాటలు మన నాలుగు సువార్తలంత పాతవని కొందరు పండితులు, అన్నీ వాటిలోంచి ఏరుకున్నవేనని కొందరు. పుస్తకంగా కూర్చింది రెండో శతాబ్దంలోనే అయినా, అక్కడక్కడా పాత మాటలు మిగిలాయనే నేను అనుకుంటాను.

ఈ దొరికినవన్నీ కలిసి ఏ నమ్మకాన్ని కదిలించాయని అడిగితే నా జవాబు ఒకటే. యేసు దేవుడా కాదా అన్నది ఇవి తేల్చవు. కదిలిందల్లా మొదట్లో అందరిదీ ఒకే బోధ, తర్వాతే దుర్బోధకులు వచ్చి చెడగొట్టారనే కథ. నాగ్ హమ్మాది దొరికేదాకా ఆ ‘దుర్బోధకుల’ గురించి మనకు తెలిసింది దాదాపు అంతా ఎదుటి పక్షం వకీలు నోట విన్న కేసు. ఐరేనియస్ చెప్పాడు, మనం విన్నాం. 1945 తర్వాత రెండో పక్షమే బోనెక్కి మాట్లాడింది. కొన్నిచోట్ల ముందు వచ్చింది ‘దుర్బోధ’, ఆ తర్వాతే ‘సద్బోధ’ అని జర్మనీలో వాల్టర్ బావర్ 1934లోనే అన్నాడు. అప్పట్లో ఆయన్ని చాలామంది పట్టించుకోలేదు. నిజానికి గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం చదివినవాడికి ఇందులో కొత్తేమీ లేదు. అంతియొకయలో పౌలు పేతురును ముఖం మీదే నిలదీశాడు. తొలి రోజుల్లోనే గొడవలున్నాయని బైబిలే చెబుతోంది. మనమే ఆ అధ్యాయాన్ని మెత్తగా చదువుకుంటూ వచ్చాం.

సంబరపడేవాళ్లకూ ఇక్కడే ఒక దెబ్బ ఉంది. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 325లో నికేయ సభ పెట్టి సువార్తలు తీసేయించాడన్నది ‘ద డావిన్చీ కోడ్’ నవల వ్యాప్తి చేసిన కథ. ఆ సభ పుస్తకాల జాబితా మీద తీర్మానమే చేయలేదు. నాలుగే సువార్తలని ఐరేనియస్ అంతకు దాదాపు నూటయాభై ఏళ్ల ముందే వాదించాడు. ఇప్పుడున్న 27 పుస్తకాల కొత్త నిబంధన జాబితా అచ్చంగా మొదట కనబడేది 367లో, అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ పండుగ ఉత్తరంలో. ఇది ఒక్కరోజులో ఎవరో కత్తెర పెట్టిన పని కాదు. మూడు వందల ఏళ్లు సంఘాలు చదువుకుంటూ, వదులుకుంటూ, తగువులాడుకుంటూ చేసిన పని. పాత నిబంధన మొత్తం కలుపుకుంటే ఆ తగువు ఇప్పటికీ తెగలేదు. ప్రొటెస్టెంటు బైబిలు 66 పుస్తకాలు, కథోలిక బైబిలు 73, ఇథియోపియా వాళ్లది 81. పక్కవీధి ఆర్.సి.ఎం. చర్చిలో బైబిలు తెరిచి చూడని పిల్లలు నాగ్ హమ్మాది గురించి ఆందోళన పడటం నాకు వింతగా ఉంటుంది.

పక్కన పెట్టిన పుస్తకాలన్నీ గొప్పవి కావు. ‘యోహాను రహస్య గ్రంథం’ చదివించినప్పుడు మా వాళ్లు గింజుకుంటారు. ఈ లోకాన్ని చేసినవాడు అసలు దేవుడు కాడు, తెలివితక్కువ గర్విష్ఠి అని అది చెబుతుంది. దాని ప్రతులు నాలుగు దొరికాయి, అంటే అప్పట్లో బాగానే చదివారు. పేతురు సువార్తలో సమాధిలోంచి సిలువ నడిచి వచ్చి మాట్లాడుతుంది. సంఘం వీటిని ఎందుకు వదులుకుందో వివరించే పని నాకు ఉండదు, చదివినవాళ్లే చెబుతారు.

మరియ సువార్త రోజున అమ్మాయిలు ముందు బెంచీల్లోకి వస్తారు. ఇది 1896లో కైరోలో కొని బెర్లిన్ చేర్చిన పుస్తకం. అచ్చయ్యేసరికి 1955 వచ్చింది. మొదటి ఆరు పేజీలు లేవు, మధ్యలో నాలుగు లేవు. మిగిలినదాంట్లో మగ్దలేనే మరియ ప్రభువు తనకు చెప్పింది శిష్యులకు చెబుతుంది. అంద్రెయ నమ్మనంటాడు. మనల్ని కాదని ఒక ఆడదానితో రహస్యంగా మాట్లాడాడా అని పేతురు కోపపడతాడు. లేవి అడ్డుపడి, నీకెప్పుడూ కోపమే అని పేతురునే మందలిస్తాడు. ఇది మరియ నోటి మాటని నేను చెప్పను, రెండో శతాబ్దపు రచన అది. కానీ స్త్రీ బోధించవచ్చా అన్న తగువు ఆ రోజుల్లో నడుస్తోందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మా కాలేజీలో మంచి మార్కులతో పాసై, సొంత సంఘంలో ప్రసంగ పీఠం ఎక్కనివ్వని అమ్మాయిలు నాకు తెలుసు. నోరెత్తకుండా ఆ పేజీలు రెండుసార్లు చదువుకుని వెళ్లేది వాళ్లే. ఇక ఫిలిప్పు సువార్తలో యేసు మరియను ఎక్కడ ముద్దుపెట్టుకునేవాడో చెప్పే చోట పపైరస్‌కు చిల్లు పడింది. ఆ చిల్లులోంచే ఒక నవల, ఒక సినిమా పుట్టుకొచ్చాయి.

దొరికిన వాటిలో పక్కన పెట్టిన పుస్తకాలే కాదు, మన పుస్తకాల పాత ప్రతులూ ఉన్నాయి. నాకు ఎక్కువ ఫోన్లు వచ్చేది వాటి గురించే. సీనాయి కొండ దగ్గర మఠంలో టిషెండార్ఫ్ అనే జర్మన్ పండితుడు 1844 నుంచి 1859 దాకా వెంటపడి వెలికితెచ్చిన నాలుగో శతాబ్దపు బైబిలులో మార్కు సువార్త 16వ అధ్యాయం 8వ వచనంతో ఆగిపోతుంది. స్త్రీలు సమాధి దగ్గర్నుంచి భయపడి పరుగెత్తుతారు, అంతే. పాములను ఎత్తి పట్టుకోవడం, విషం తాగినా ఏమీ కాకపోవడం ఆ తర్వాత చేరిన వచనాల్లోవి. వ్యభిచారమందు పట్టబడిన స్త్రీ కథ కూడా ఆ ప్రతిలో లేదు. ఈ రెండోది చెప్పే రోజు నాకూ కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే ఆ కథ అందరికీ ప్రాణం. అలాంటి కథ ఒకటి పాపియస్ అనే బిషప్‌కు రెండో శతాబ్దం తొలినాళ్లలోనే తెలుసని సంఘ చరిత్రకారుడు యూసేబియస్ రాశాడని చెప్పి సర్దుతాను. కథ పాతదే, యోహాను సువార్తలో చోటు దొరకడం ఆలస్యమైంది.

ఇంకొకటి, మన ఊళ్లకు బాగా సంబంధించింది. 666 అంటే బార్‌కోడ్ అనీ, ఆధార్ అనీ ఉజ్జీవ కూటాల్లో చెప్పని ఏడాది లేదు. ఆక్సీరింఖస్ చెత్తలోంచే వచ్చిన మూడో శతాబ్దపు ప్రకటన గ్రంథం ముక్క ఒకటి 1999లో అచ్చయింది. అందులో మృగం సంఖ్య 616 అని ఉంది. ఐరేనియస్‌కూ 616 తెలుసు, అది తప్పని వాదించాడు. ఏది అసలుదో ఇప్పటికీ పండితులు తర్కిస్తున్నారు. ఈ సంగతి చెప్పాక ఒక ప్రసంగీకుడు నన్ను మళ్లీ పిలవలేదు.

దొరికిందల్లా నిజమనుకోవడమూ ప్రమాదమే. 2012లో హార్వర్డ్ ప్రొఫెసరు కేరన్ కింగ్ యేసు ‘నా భార్య’ అన్నట్టుగా ఉన్న పపైరస్ ముక్కను ప్రకటించింది. తోమా సువార్తను ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రతిలో ఒక అచ్చుతప్పుంది. ఆ తప్పు ఈ ముక్కలోనూ ఉంది. 2016లో ఒక విలేకరి దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వేసరికి అది నకిలీయే కావచ్చని ఆవిడే ఒప్పుకుంది.

బైబిల్లో లేనిది ఏదీ నమ్మం అనే వాళ్లను నేను తోమా దగ్గరే పట్టుకుంటాను. అపొస్తలుడైన తోమా మన దేశానికి వచ్చాడని మా సంఘాలన్నీ గర్వంగా చెప్పుకుంటాయి. బైబిల్లో ఎక్కడుందది? లేదు. ‘తోమా కార్యములు’ అనే మూడో శతాబ్దపు సిరియా దేశపు రచనలో ఉంది. అందులో తోమాను బానిసగా అమ్మేస్తారు, గుండఫోరస్ అనే రాజు మేడ కట్టమని డబ్బిస్తే దాన్ని పేదలకు పంచేస్తాడు. రాజు కల్పితమనుకున్నవాళ్లు ఉన్నారు. 19వ శతాబ్దంలో ఆఫ్ఘన్, పంజాబు ప్రాంతాల్లో గొండొఫారెస్ నాణేలు దొరికాక ఆ అనుమానం పోయింది. రాజు నిజమైతే కథంతా నిజమవదు. అయినా ఈ పుస్తకం జోలికెళ్లకుండా ఇండియా క్రైస్తవుడు తన తొలి అధ్యాయం చెప్పుకోలేడు.

ఇన్నేళ్లలో నేను చూసింది ఒకటుంది. తోమా, యూదా, మరియ సువార్తలు పాస్టర్లను కొన్నాళ్లు కలవరపెడతాయి, తర్వాత మరిచిపోతారు. మరిచిపోలేని పుస్తకం డిడకే. ‘పన్నెండుమంది అపొస్తలుల బోధ’ అని దాని పూర్తి పేరు. 1873లో ఫిలోథియోస్ బ్రియెన్నియోస్ అనే గ్రీకు మతాధికారి కాన్‌స్టాంటినోపుల్‌లోని మఠం గ్రంథాలయంలో 1056లో రాసిన ప్రతిలో దీన్ని కనుగొన్నాడు, 1883లో అచ్చువేశాడు. ఇది దుర్బోధకుల పుస్తకం కాదు. 367 నాటి ఆ జాబితా ఉత్తరంలోనే అతనాసియస్ దీన్ని, లేఖనం కాదంటూనే, కొత్తగా చేరేవాళ్లు చదవాలన్నాడు. మొదటి శతాబ్దం చివర లేదా రెండో శతాబ్దం మొదట్లో రాసిందని ఎక్కువమంది అంచనా. కొత్త నిబంధనలోని కొన్ని పుస్తకాల వయసే దీనికీ.

సిద్ధాంతాల జోలికి పెద్దగా పోదు ఇది. బాప్తిస్మం ఎలా ఇవ్వాలి, ఉపవాసం ఏ రోజు, ప్రవక్త వస్తే ఏం చేయాలి, ఇదీ దీని సంగతి. బాప్తిస్మం పారే నీళ్లలో ఇవ్వమంటుంది. పారే నీళ్లు లేకపోతే వేరే నీళ్లు. చల్లటివి కుదరకపోతే వెచ్చటివి. రెండూ లేకపోతే తల మీద మూడుసార్లు పోస్తే చాలంటుంది. ఇది చదివిన రోజు మా క్లాసులో బాప్టిస్టులూ లూథరన్లూ పెట్టుకునే తగువు చూసి తీరాలి. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజున 2,222 మందికి ముంచి బాప్తిస్మం ఇచ్చారు. బాప్టిస్టు పిల్లలు ఆ సంఖ్యను ఒంట్లో రక్తంలా మోసుకు తిరుగుతారు. పారే నీళ్లు అన్న చోట వాళ్లు గెలిచామంటారు. పోస్తే చాలు అన్న చోట లూథరన్లు గెలిచామంటారు. పుస్తకం ఇద్దరినీ చేర్చుకుంటుంది. ముంచకపోతే రక్షణ లేదనే మాట, ముంచడం దండగనే మాట రెండూ దీని ముందు నిలబడవు.

ప్రభురాత్రి భోజనం దగ్గర కలవరం ఎక్కువ. ఇందులో ముందు గిన్నె, తర్వాత రొట్టె. ఆ కృతజ్ఞతా ప్రార్థనల్లో శరీరం, రక్తం అన్న మాటలు లేవు, అప్పగింపబడిన రాత్రి ఊసు లేదు. ప్రతి నెలా బల్ల దగ్గర కొరింథీ పత్రిక చదివే పాస్టరుకు ఇది మింగుడుపడదు. ఒకే కాలంలో రెండు చోట్ల రెండు రకాలుగా బల్ల నడిచిందని తప్ప నేను ఎక్కువ చెప్పను.

అసలు కలవరం పదకొండో అధ్యాయంలో ఉంది. ఊరికొచ్చిన అపొస్తలుణ్ణి ప్రభువులా చేర్చుకోండి, కానీ ఒకరోజు, అవసరమైతే రెండు రోజులు. మూడో రోజు ఉంటే అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు దారి తిండికి రొట్టె తప్ప ఏమీ ఇవ్వకండి. డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త. ఆత్మలో ఉన్నానంటూ తనకోసం డబ్బు అడిగేవాడి మాట వినకండి, లేనివాళ్ల కోసం అడిగితే తప్పు పట్టకండి. నేను నా మాటల్లో చెప్పాను గానీ భావం ఇదే. పల్లెటూరి పాస్టర్ల శిక్షణ శిబిరంలో దీన్ని చదివినప్పుడు కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పెద్దాయన లేచి, "అమ్మగారూ, ఇది మా సంఘంలో చదివితే వచ్చే నెల సభలకు ప్రవక్త గారిని ఎలా పిలవమంటారు?" అన్నాడు. నవ్వులు పడ్డాయి. ఆయన మాత్రం నవ్వలేదు.

ఆ వెంటనే ఇంకొకరు పదమూడో అధ్యాయం పట్టుకొచ్చారు. మీ దగ్గర స్థిరపడిన నిజమైన ప్రవక్తకు ప్రథమ ఫలాలు ఇవ్వండి అని అక్కడుంది కదా అని. ఉంది. ప్రవక్త లేకపోతే అవి పేదలకివ్వండి అని కూడా అక్కడే ఉంది. పన్నెండో అధ్యాయంలో, మీ ఊళ్లో ఉండిపోదామనుకునేవాడికి చేతిపని ఉంటే పని చేసుకుని తిననివ్వండి అనీ ఉంది. మొత్తం చదవమంటాను, అంతే.

పాస్టర్లకు తర్ఫీదు ఇచ్చేవాళ్లకూ, సంఘ పెద్దలకూ నా మనవి ఇది. మీ దగ్గరికి ఎవరైనా దాచిన సువార్తల గురించి అడుగుతూ వస్తే కసరకండి, కంగారు పడకండి. తోమా కంటే ముందు డిడకే చేతిలో పెట్టండి. పదహారు చిన్న అధ్యాయాలు, గంటలోపు అయిపోతుంది. పదకొండో అధ్యాయం మాత్రం దాటేయనివ్వకండి.